చికున్‌గున్యా: నిలవ నీటి నుంచి కీళ్ళ దాకా

జ్వరం రావడం, తగ్గిపోవడం మనకు కొత్త కాదు. మూడు రోజులో అయిదు రోజులో పడుకుని, మళ్ళీ బడికో కాలేజీకో వెళ్ళిపోతాం. ఈ ప్రసంగంలో చెప్పుకోబోయే జ్వరం కూడా వారం లోపే తగ్గుతుంది. కాని దాని వెంట వచ్చిన కీళ్ళనొప్పి కొందరిని వారాల తరబడి, కొందరిని నెలల తరబడి, ఏ కొద్దిమందినో ఏళ్ళ తరబడి వదలదు. పొద్దున లేవగానే పిడికిలి ముడుచుకోదు, చెంబు ఎత్తలేరు, మెట్లు దిగాలంటే గోడ పట్టుకోవాలి. దాని పేరు చికున్‌గున్యా.

2016 వర్షాకాలంలో ఢిల్లీ నగరం ఈ వ్యాధిని పెద్ద ఎత్తున చూసింది. ఆ ఏడాది ఒక్క ఢిల్లీలోనే 12 వేలకు పైగా అనుమానిత కేసులు లెక్కకు వచ్చాయి. డాక్టరు దగ్గరకు వెళ్ళకుండా ఇంట్లోనే మాత్రలు వేసుకుని పడుకున్నవాళ్ళు ఈ లెక్కలో లేరు. నగరంలోని ఏ కాలనీని తీసుకున్నా కథ ఒకటే గనుక, మనం ఆర్.కె. పురాన్ని ఉదాహరణగా తీసుకుందాం. రామకృష్ణ పరమహంస పేరు పెట్టుకున్న ఈ కాలనీ సెక్టార్లుగా విభజించిన కేంద్ర ప్రభుత్వోద్యోగుల క్వార్టర్ల సముదాయం. ఉద్యోగరీత్యా ఢిల్లీ చేరిన తెలుగు కుటుంబాలు కూడా ఇక్కడ ఉన్నాయి. నాలాలు, మురికివాడలు మాత్రమే దోమలకు పుట్టిళ్ళని అనుకునేవారికి ఇలాంటి కాలనీ మంచి పాఠం చెబుతుంది.

ముందు పేరు సంగతి చూద్దాం. ఇప్పటి టాంజానియా దేశంలో మకొండే అనే పీఠభూమి ఉంది. 1952లో అక్కడ ఒక వింత జ్వరం చెలరేగింది. కీళ్ళనొప్పితో మనుషులు నిటారుగా నిలబడలేక వంగిపోయేవారు. మకొండే భాషలో వంగిపోవడం అనే అర్థం వచ్చే మాటే దానికి పేరైంది. మన దగ్గర ఈ పేరు నోళ్ళలో నాని "చికెన్‌గున్యా" అయ్యింది. ఆ దెబ్బకు కోడిమాంసం మానేసినవాళ్ళూ ఉన్నారు. పేరులో కోడి వినిపించడం తప్ప ఈ వ్యాధికి కోడితో ఏ సంబంధమూ లేదు.

ఈ వ్యాధికి కారణం ఆల్ఫావైరస్ జాతికి చెందిన ఒక ఆర్‌ఎన్‌ఎ వైరస్. మామూలుగా ఇది ఒకరి నుంచి మరొకరికి గాలి ద్వారా గాని, ముట్టుకోవడం వల్ల గాని రాదు. ఏడిస్ జాతి ఆడదోమ కుట్టాలి. కుట్టిన తరువాత 3 నుంచి 7 రోజులకు ఉన్నట్టుండి జ్వరం వస్తుంది. 102, 103 డిగ్రీలు దాటవచ్చు. దాంతోపాటే చేతివేళ్ళు, మణికట్లు, చీలమండలు, మోకాళ్ళు పట్టేస్తాయి. సాధారణంగా రెండు వైపులా ఒకే విధంగా నొప్పి ఉంటుంది. కొందరికి ఒంటి మీద ఎర్రటి దద్దుర్లు వస్తాయి. ఈ వ్యాధితో చనిపోయేవారు బహు తక్కువ. అయితే వృద్ధులు, ఇతర దీర్ఘవ్యాధులున్నవారు, కాన్పు సమయంలో తల్లి నుంచి వైరస్ సోకిన నవజాత శిశువులు ప్రమాదంలో పడవచ్చు.

మన దేశంలో ఈ వ్యాధిని మొదట 1963లో కలకత్తాలో గుర్తించారు. తరువాత మద్రాసులోనూ, మన విశాఖపట్నం, రాజమండ్రి, కాకినాడల్లోనూ కనిపించింది. 1973లో మహారాష్ట్రలోని బార్శీ పట్టణాన్ని కుదిపివేసి, ఆ తరువాత దాదాపు 32 ఏళ్ళు పెద్దగా జాడ లేదు. డాక్టర్లు కూడా మరచిపోయిన దశలో 2005 చివర ఆంధ్రప్రదేశ్‌లో మళ్ళీ తలెత్తింది. అంతకు కొద్ది నెలల ముందు నుంచే హిందూ మహాసముద్రంలోని రీయూనియన్ దీవిలో ఇది విజృంభిస్తోంది. అక్కడి జనాభాలో సుమారు మూడోవంతు మందికి సోకింది. మన దగ్గర అనంతపురం, కడప, చిత్తూరు జిల్లాల ఊళ్ళలో ఇంటికిద్దరు ముగ్గురు మంచాన పడ్డారు. 2006లో అది కర్ణాటక, మహారాష్ట్రలతో మొదలుపెట్టి అనేక రాష్ట్రాలకు పాకింది. ఆ ఒక్క ఏడాదే దేశం మొత్తం మీద సుమారు 13.9 లక్షల అనుమానిత కేసులు నమోదయ్యాయి. ముప్పై ఏళ్ళుగా వ్యాధి లేకపోవడంతో ఆ మధ్యకాలంలో పుట్టినవారిలో ఎవరికీ రోగనిరోధక శక్తి లేదు. వైరస్ కూడా 1960ల నాటిది కాదు. ఈసారి వచ్చింది ఆఫ్రికాలోని తూర్పు, మధ్య, దక్షిణ ప్రాంతాలకు చెందిన రకం.

ఇక్కడ ఒక ప్రశ్న వేసుకోవాలి. దోమలంటే వానలు, చిత్తడి, పొలాల్లో నీళ్ళు అనుకుంటాం కదా! మరి వానలు తక్కువైన అనంతపురం లాంటి జిల్లాలను ఈ వ్యాధి ఎందుకు ముందుగా పట్టుకుంది? జవాబు ఆ కరువులోనే ఉంది. నాలుగు రోజులకో వారానికో ఒకసారి కుళాయి వచ్చే ఊళ్ళో జనం ఏం చేస్తారు? వచ్చిననాడే ఉన్న పాత్రలన్నీ నింపుకుంటారు. వాకిట్లో సిమెంటు తొట్టి, పెరట్లో డ్రమ్ము, వంటింట్లో బిందెలు. అడుగున ఉన్న నీళ్ళను పారబోయడానికి చేతులు రావు. మళ్ళీ కుళాయి వచ్చినప్పుడు వాటి మీదే కొత్త నీళ్ళు పడతారు. ఏడిస్ దోమకు ఇంతకన్నా కావలసింది లేదు. అది మురుగుకాలవలో గుడ్లు పెట్టదు. మనం తాగడానికి, వాడుకోవడానికి దాచుకున్న శుభ్రమైన నీళ్ళే దానికి ఇష్టం. ఒక విధంగా ఇది నీటి కొరత పెంచే వ్యాధి.

ఢిల్లీలోనూ అంతే. ఏ పూటకా పూట వచ్చే నీళ్ళ కోసం డాబాల మీద ట్యాంకులు, స్నానాల గదుల్లో బకెట్లు, డ్రమ్ములు నింపి పెట్టుకుంటారు. దానికి తోడు మన ఆంధ్ర తీరప్రాంతాల్లో అంతగా కనిపించనిది ఒకటి ఇక్కడ కిటికీ కిటికీకీ ఉంటుంది. అదే కూలర్. ఉత్తరభారతపు పొడి ఎండలకు, వడగాడ్పులకు కూలర్ మంచి ఉపాయం. అడుగున తొట్టిలో నీళ్ళు, మూడు వైపులా గడ్డి ప్యాడ్లు, మధ్యలో ఫ్యాను. ఏప్రిల్ నుంచి జూన్ దాకా రోజూ నీళ్ళు ఆవిరైపోతుంటాయి, పోస్తుంటాం. జూలైలో వానలు పడి గాలిలో తేమ పెరిగాక కూలర్ గాలి చల్లగా ఉండదు. ఉక్కపోత ఇంకా ఎక్కువవుతుంది. అందుకని స్విచ్ ఆపేస్తాం. కాని తొట్టిలో నీళ్ళు ఎవరు తీస్తారు? కిటికీకి బయటవైపు, పై అంతస్తులో వేలాడుతున్న ఇనుపపెట్టె అది. చెయ్యి పెట్టడం కూడా కష్టమే. ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో ఆ నీళ్ళు అలాగే నిలిచి ఉంటాయి. ఢిల్లీలో డెంగీ, చికున్‌గున్యా కేసులు సెప్టెంబరు, అక్టోబరుల్లో ఎక్కువ కావడానికి ఇదొక ముఖ్య కారణం.

ఇప్పుడు ఆ తొట్టిలో ఏం జరుగుతుందో చూద్దాం. ఏడిస్ ఈజిప్టై ఆడదోమ ఒక విడతకు సుమారు వంద గుడ్లు పెడుతుంది. వాటిని నీళ్ళలో వదలదు. నీటిమట్టానికి కాస్త పైన, తడిగా ఉన్న గోడకు అంటిస్తుంది. నీళ్ళు మళ్ళీ పోసినప్పుడు మట్టం పెరిగి గుడ్లు మునుగుతాయి. అప్పుడు పొదుగుతాయి. పొదిగిన లార్వా నాలుగు దశలు దాటి, ప్యూపాగా మారి, వేసవి వేడిలో 7 నుంచి 10 రోజుల్లో దోమై ఎగిరిపోతుంది. నీళ్ళు ఎండిపోతే గుడ్లు చచ్చిపోతాయా అంటే అదీ లేదు. పొడిగా ఉన్న గోడ మీద నెలల తరబడి, ఒక్కోసారి ఏడాది దాకా బతికి ఉంటాయి. నవంబరులో కూలర్లో నీళ్ళు ఒంపేసి, మేడ మీద పెట్టి, గోనెపట్టా కప్పేస్తాం. మళ్ళీ ఏప్రిల్‌లో దించి నీళ్ళు పోస్తాం. నిరుటి గుడ్లు ఆ నీళ్ళు తగలగానే పొదుగుతాయి. అందుకే తొట్టిని ఒంపడంతో పని పూర్తికాదు. గట్టి బ్రష్‌తో లోపలి గోడలు రుద్ది కడగాలి, పాత గడ్డి ప్యాడ్లు పారేయాలి, తరువాత ఎండబెట్టాలి.

వారానికొకసారి అన్ని పాత్రలూ ఖాళీచేయమని ఎందుకు చెబుతారో ఇప్పుడు అర్థమై ఉంటుంది. గుడ్డు దోమ కావడానికి కనీసం ఏడు రోజులు పడుతుంది. ఆ లోపల ఒక్కసారి గొలుసు తెంపితే చాలు. ఢిల్లీ ప్రభుత్వం 2019 సెప్టెంబరులో ఇదే సూత్రంతో పది వారాలపాటు ప్రతి ఆదివారం ఉదయం 10 గంటలకు పది నిమిషాలు ఇల్లు తనిఖీ చేసుకొమ్మని ప్రచారం చేసింది. పది నిమిషాలు నిజంగానే సరిపోతాయి. చూడవలసినవి ఏమిటంటే: కూలర్, పూలకుండీల కింద పళ్ళేలు, మనీప్లాంటు సీసా, ఫ్రిజ్ వెనక నీరు చేరే ట్రే, పక్షులకు పెట్టిన నీళ్ళ గిన్నె, డాబా మీద పడేసిన టైరు, విరిగిన బకెట్టు, ట్యాంకు మూత. ట్యాంకు మూత గురించి ప్రత్యేకంగా చెప్పాలి. క్వార్టర్ల డాబా ఎవరి సొంతమూ కాదు గనుక ఎవరూ పైకి వెళ్ళి చూడరు. గాలికి ఎగిరిపోయిన మూత నెలల తరబడి అలాగే ఉండిపోవచ్చు.

సైన్సు విద్యార్థులు ఇందులో ఒక చిన్న పరిశీలన చేయవచ్చు. అనుమానం ఉన్న నీళ్ళను కాసిని తెల్లటి పింగాణీ గిన్నెలోకి తీయండి. సన్నటి పురుగులు మెలికలు తిరుగుతూ కనిపిస్తే అవి లార్వాలు. తోకవైపు ఉన్న శ్వాసనాళం పైకి, తల కిందికి పెట్టి నీటి ఉపరితలానికి వేలాడుతుంటే అది ఏడిస్ గాని క్యూలెక్స్ గాని కావచ్చు. నీటికి సమాంతరంగా పడుకుని ఉంటే అనాఫిలిస్, అంటే మలేరియా దోమ. గిన్నె మీద చేతి నీడ పడగానే అన్నీ అడుగుకు జారుకుంటాయి. చూసిన తరువాత ఆ నీళ్ళను కాలవలో కాక, ఎండిన మట్టి మీద పారబోయాలి. తోడటం వీలుకాని కూలర్లో ఒక చెంచా నూనె వేసినా ఉపయోగం ఉంటుంది. పైన పొర కట్టి, శ్వాసనాళానికి గాలి అందకుండా చేస్తుంది.

దోమల కాలంలో మునిసిపల్ సిబ్బంది ఇంటింటికీ వచ్చి కూలర్లు చూస్తారు. 1996లో ఢిల్లీలో డెంగీ పదివేల మందికి పైగా సోకి, 423 మందిని బలిగొన్నాక ఈ తనిఖీ పని పెరిగింది. తలుపు తీయడానికి విసుక్కునే ఇళ్ళు చాలా ఉంటాయి. పగలు ఇంట్లో ఎవరూ లేక తాళం వేసి ఉన్నవి మరికొన్ని. వీధిలో పొగ కొట్టే బండి వస్తే మాత్రం అందరూ సంతోషిస్తారు. పొగ కనిపిస్తుంది గనుక ఏదో జరిగినట్టు ఉంటుంది. నిజానికి ఆ పొగ అప్పుడు గాలిలో ఎగురుతున్న దోమల్నే చంపుతుంది. గుడ్లను, లార్వాలను తాకదు. ఏడిస్ దోమ సాధారణంగా ఇంటిలోపల, మంచం కింద, తెరల వెనక, బట్టల మధ్య నక్కి ఉంటుంది. పొగబండి రాగానే మనం తలుపులు, కిటికీలు మూసుకుంటాం.

ఇక కుట్టే వేళ. 1897 ఆగస్టులో రోనాల్డ్ రాస్ సికింద్రాబాదులో దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని కనుగొన్న సంగతి తెలుగువారందరికీ తెలుసు. మలేరియా దోమ రాత్రిపూట కుడుతుంది. ఆ పాఠం నేర్చుకున్న మనం రాత్రి దోమతెర కట్టుకుని నిశ్చింతగా పడుకుంటున్నాం. ఏడిస్ మాత్రం పగటిదోమ. ఉదయం తెల్లవారిన తరువాత కొన్ని గంటలు, సాయంత్రం చీకటి పడకముందు కొన్ని గంటలు దీని వేళలు. అంటే మీరు బడి బస్సు కోసం నిలబడ్డ వేళ, క్లాసులో కూర్చున్న వేళ, సాయంత్రం ఆటల వేళ. నల్లటి ఒంటి మీద, కాళ్ళ మీద తెల్ల చారలుంటాయి. చేతులు, కాళ్ళు కప్పే బట్టలు, బయట ఉన్న చర్మానికి దోమల్ని దూరంగా ఉంచే లేపనం పగలే అవసరం. దీనికి మరో అలవాటు ఉంది. కొద్దిగా కదిలినా ఎగిరిపోయి, ఇంకొకరి మీద వాలుతుంది. కడుపు నిండేలోగా ఇంట్లో ముగ్గురు నలుగురిని కుట్టగలదు. ఒకే ఇంట్లో వరసగా అందరూ మంచాన పడేది ఇందువల్లనే.

ఇంతవరకు దోమ గురించి చెప్పుకున్నాం. కాని వైరస్‌ను ఊరి నుంచి ఊరికి మోసేది దోమ కాదని గుర్తుంచుకోవాలి. ఏడిస్ తన జీవితకాలంలో పుట్టిన చోటి నుంచి కొన్ని వందల మీటర్లు దాటి వెళ్ళడం అరుదు. ఒక సెక్టారు నుంచి మరో సెక్టారుకు కూడా వెళ్ళలేని ప్రాణి అది. వైరస్‌ను దూరాలకు చేర్చేది మనిషి. అనంతపురంలోనో హైదరాబాదులోనో దోమ కుట్టిన మనిషికి మూడు నాలుగు రోజుల దాకా ఏమీ తెలియదు. ఒకప్పటి ఏ.పి. ఎక్స్‌ప్రెస్, ఇప్పటి తెలంగాణ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే మరునాటికి ఢిల్లీ. దిగిన రెండో రోజున జ్వరం వస్తుంది. ఆ కాలనీలో ఏడిస్ లేకపోతే వ్యాధి ఆ మనిషితోనే ఆగిపోతుంది. ఉంటే, జ్వరం వచ్చిన మొదటి వారంలో రక్తంలో వైరస్ దండిగా ఉంటుంది గనుక, కుట్టిన దోమ కొద్ది రోజుల్లో పక్కింటికి అంటిస్తుంది. కాబట్టి దోమతెర ముందుగా కట్టవలసింది జ్వరంతో ఉన్న మనిషికి, అదీ పగటిపూట. సాధారణంగా మనం చేసేది దీనికి తలకిందులు. ఆరోగ్యంగా ఉన్న పిల్లలను తెరలో పడుకోబెట్టి, జ్వరం వచ్చినవారిని గాలి తగలాలని వరండాలో మంచం వేసి పడుకోబెడతాం.

ఇదే దోమ డెంగీని కూడా మోస్తుంది. ఒకే సీజనులో రెండూ తిరుగుతుంటాయి. ఢిల్లీలో 2015లో 15,867 డెంగీ కేసులు వచ్చి 60 మంది చనిపోయారు. ఆ మరుసటి ఏడాదే చికున్‌గున్యా వచ్చింది. మొదటి రెండు రోజుల్లో ఏ జ్వరమో లక్షణాలు చూసి తేల్చడం డాక్టరుకు కూడా కష్టం. కీళ్ళు వాచి, వేళ్ళు ముడవలేకపోతుంటే చికున్‌గున్యా వైపు మొగ్గు. కంటిగుడ్ల వెనక నొప్పి, ఒళ్ళంతా విరిచినట్టుండటం, ప్లేట్‌లెట్లు బాగా తగ్గడం డెంగీలో ఎక్కువ. మొదటి అయిదారు రోజుల్లో అయితే ఆర్‌టి-పిసిఆర్ పరీక్ష, ఆ తరువాత ఐజిఎమ్ ఎలిసా పరీక్ష సంగతి తేలుస్తాయి.

రెంటికీ వైరస్‌ను చంపే మందు లేదు. అలాగని వైద్యం లేదని కాదు. జ్వరానికి, నొప్పికి పారాసిటమాల్, బాగా నీళ్ళు, మజ్జిగ, గంజి, విశ్రాంతి. డెంగీ కాదని తేలేదాకా ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వంటి నొప్పి మాత్రలు ముట్టకూడదు. డెంగీ అయి ఉంటే అవి రక్తస్రావాన్ని పెంచుతాయి. నొప్పి భరించలేక మందుల షాపులో అడిగి కొనుక్కునేది సరిగ్గా ఈ మాత్రలే. ఒక్క సూదితో లేచి తిరిగేలా చేస్తామనేవారూ ఉంటారు. ఆ సూదిలో తరచు ఉండేది స్టెరాయిడ్. మొదటి రోజుల్లో అది మేలుకన్నా కీడే చేయవచ్చు. జ్వరం తగ్గిన తరువాత కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ళ నుంచి రక్తం, మగత కనిపిస్తే అవి డెంగీ ప్రమాద సూచనలు. ఒక్క పూట కూడా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి.

టీకా సంగతి విద్యార్థులు అడుగుతుంటారు. చికున్‌గున్యాకు తొలి టీకాకు అమెరికాలో 2023 నవంబరులో అనుమతి లభించింది. బలహీనపరచిన సజీవ వైరస్‌తో చేసిన టీకా అది. కొందరిలో, ముఖ్యంగా వృద్ధుల్లో, తీవ్రమైన దుష్ఫలితాలు కనిపించడంతో 2025 ఆగస్టులో ఆ అనుమతిని అక్కడ నిలిపివేశారు. వేరే పద్ధతిలో తయారైన మరో టీకాకు 2025 ఫిబ్రవరిలో అనుమతి వచ్చింది. మన దేశపు సార్వత్రిక టీకాల కార్యక్రమంలో ఇది లేదు. ఒకసారి చికున్‌గున్యా వచ్చి తగ్గినవారికి మాత్రం దీర్ఘకాలం రక్షణ ఉంటుంది. డెంగీలో ఆ వెసులుబాటు లేదు. దానిలో నాలుగు రకాలున్నాయి. రెండోసారి వేరే రకం సోకితే ప్రమాదం ఇంకా ఎక్కువ.

జ్వరం తగ్గాక మిగిలే నొప్పితో ఎలా నెట్టుకురావాలన్నది చివరి సంగతి. విద్యార్థుల వయసువారు చాలామంది కొద్ది వారాల్లో కోలుకుంటారు. నలభై, నలభై అయిదు దాటినవారు, ముందే కీళ్ళవాతం ఉన్నవారు, మొదటి వారంలో నొప్పి మరీ తీవ్రంగా ఉన్నవారు ఎక్కువ కాలం బాధపడతారు. అంటే మీకన్నా మీ అమ్మకు, నాయనమ్మకు ఇది కష్టం. ఉదయం లేచాక అరగంట, గంట దాకా కీళ్ళు బిగుసుకుపోయి ఉంటాయి. ఎండెక్కేకొద్దీ కాస్త సడలుతాయి. మధ్యాహ్నానికి మామూలుగా తిరుగుతున్న మనిషిని చూసినవారికి, పొద్దున పిండి కలపలేకపోయిందంటే నమ్మబుద్ధి కాదు. ఎక్స్‌రేలో ఏమీ కనిపించదు. రక్తపరీక్షలు కూడా చాలావరకు బాగానే వస్తాయి. ఒళ్ళు బద్ధకమనో, వయసు మీద పడిందనో ఇంట్లోవారు తేల్చేస్తారు. ఆ నొప్పి నిజమైనది. కొందరిలో కీళ్ళలోని వాపు వైరస్ రక్తం నుంచి పోయిన తరువాత కూడా కొనసాగుతుందని వైద్యశాస్త్రం గుర్తించింది.

వాపు తాజాగా ఉన్న రోజుల్లో వేడి కాపడం పెట్టడం మన ఇళ్ళలో అలవాటు. ఆ దశలో వేడి నొప్పిని పెంచవచ్చు. చల్లటి తడిగుడ్డ వేయడమే మంచిది. జ్వరం పోయాక కదలకుండా పడుకుంటే కీళ్ళు ఇంకా బిగుసుకుంటాయి. వేళ్ళు ముడవడం, చాపడం, మణికట్టు తిప్పడం, సమతలమైన దారిలో కొంచెం కొంచెంగా నడవడం రోజుకు నాలుగైదుసార్లు చేయాలి. బరువులు ఎత్తడం, పరుగెత్తడం, గొంతుకు కూర్చుని పనిచేయడం కొన్నాళ్ళు ఆపాలి. నీళ్ళ బకెట్లు మోయడం, బట్టలు పిండటం, చపాతీ పిండి కలపడం ఇంట్లో మిగతావారు పంచుకోవలసిన పనులు. మూడు నెలలు దాటినా కీళ్ళు వాచే ఉంటే కీళ్ళవ్యాధుల నిపుణులున్న పెద్ద ఆసుపత్రిలో చూపించాలి. అది రుమటాయిడ్ కీళ్ళవాతమా, చికున్‌గున్యా మిగిల్చిన వాపా అన్నది వారు తేలుస్తారు. రెండూ పైకి ఒకేలా ఉంటాయి. అవసరమైతే వారి పర్యవేక్షణలో మెథోట్రెక్సేట్ వంటి మందులు నెలల తరబడి వాడవలసి ఉంటుంది. పాత జ్వరం నాటి పరీక్షా పత్రాలు, ఏ తేదీన జ్వరం మొదలైందో రాసుకున్న కాగితం అక్కడికి తీసుకువెళితే డాక్టరుకు పని సులువవుతుంది.